పోలండ్‌లో విగీలియా: హోస్ట్ ఫ్యామిలీ పండక్కి కూర్చోమంది, ఎలా వెళ్లాలి?

కోనసీమ_కిరణ్మయి | 2025 డిసెంబర్ 11

అందరికీ నమస్కారం. ఎక్స్‌ఛేంజ్ సెమిస్టర్ కోసం క్రాకోవ్ వచ్చాను. ఉండేది పక్కనే వియెలిచ్కాలో, ఉప్పు గని ఉన్న ఊరు. ఒక పోలిష్ కుటుంబం వాళ్లింట్లో పైగది ఇచ్చారు. ఆంటీ, అంకుల్, బడికెళ్లే ఇద్దరు పిల్లలు, ఆంటీ వాళ్లమ్మ. ఆవిడని ఇంటిల్లిపాదీ బాబ్చా అంటారు, నేనూ అలాగే పిలుస్తున్నాను.

నిన్న రాత్రి ఆంటీ "24న ఏ ప్లానూ పెట్టుకోకు, విగీలియాకి మాతోనే కూర్చోవాలి" అంది. విగీలియా అంటే క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఇంట్లో చేసే పండగ భోజనం. చాలా సంతోషమేసింది, దాంతోపాటే టెన్షన్ కూడా మొదలైంది. మా ఊళ్లో క్రిస్మస్ అంటే పక్కింటివాళ్లు పంపే కేకు వరకే నాకు తెలుసు. చేప, మాంసం ముట్టను. పిండిలో గుడ్డు కలిస్తే పట్టించుకోను. ఆ రాత్రి బల్ల నిండా చేపలే ఉంటాయని క్లాసులో ఒకమ్మాయి చెప్పింది. భోజనానికి ముందు తెల్లటి పల్చటి రొట్టె ఒకటి విరిచి అందరూ పంచుకుంటారట. అది చర్చిలో ఇచ్చేదేనా, మనం తీసుకోవచ్చా అని అమ్మ ఫోన్లో రోజూ అడుగుతోంది. ఏం పట్టుకెళ్లాలి, అర్ధరాత్రి పూజకి రమ్మంటే ఏం చెయ్యాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

వార్సా_వాసు | డిసెంబర్ 11

కిరణ్మయి గారూ, ముందు ఒక విషయం. పోలండ్ వాళ్లకి ఏడాది మొత్తం మీద అతి దగ్గరి పండగ ఈ సాయంత్రమే. 25, 26 తేదీల్లో బంధువులు వస్తారు, పోతారు, మాంసాలు వండుకుంటారు. 24 సాయంత్రం బల్ల దగ్గర కూర్చోమన్నారంటే మిమ్మల్ని ఇంటి మనిషిగా లెక్కేశారు. కాదనకండి.

వరస ఇలా ఉంటుంది. పగలంతా పెద్దగా ఏమీ తినరు. అక్కడ ఈ రోజుల్లో మూడున్నర దాటగానే పొద్దు గుంకుతుంది, నాలుగున్నరకల్లా చీకటి. పిల్లలు కిటికీ దగ్గర నిలబడి మొదటి చుక్క కోసం చూస్తారు. చుక్క కనిపించాకే భోజనం. బల్ల మీద తెల్లటి గుడ్డ, దాని కింద కాస్త ఎండుగడ్డి పరుస్తారు, యేసు పశువుల తొట్టిలో పుట్టాడు కాబట్టి. ఇంటి పెద్ద లూకా సువార్తలోంచి ఆ పుట్టుక ఘట్టం చదువుతారు. తర్వాత ఒప్వాటెక్, అంటే మీరు చెప్పిన రొట్టె. అదయ్యాక వంటకాలు. పన్నెండుమంది అపొస్తలుల పేరుమీద పన్నెండు చేస్తారు, అన్నిట్లోనూ ఒక్క ముద్దయినా తినాలని పట్టు. మాంసం ఒక్కటీ ఉండదు. ఇప్పుడు చర్చి దాన్ని తప్పనిసరి చెయ్యకపోయినా చాలా ఇళ్లలో ఆచారంగా పాటిస్తూనే ఉన్నారు. మందు కూడా చాలామంది ఆ పూట ముట్టరు.

ఒక కంచం అదనంగా వేసి కుర్చీ ఖాళీగా ఉంచుతారు. అనుకోని అతిథి కోసం. కొన్ని ఇళ్లలో చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా కూడా. ఆ కుర్చీలో కూర్చోకండి, మీకు వేరే వేసి ఉంటారు.

తిండి సంగతి: చేప పక్కనబెట్టినా మీకు కడుపు నిండుతుంది. బీట్‌రూట్‌తో పుల్లటి ఎర్ర చారు బర్ష్చ్, అందులో పుట్టగొడుగుల ముద్ద పెట్టి మడిచిన చిన్న చిన్న పిండి పొట్లాలు, ఉష్కా. పుల్లక్యాబేజీ, పుట్టగొడుగులు కూరిన పియెరోగి. చూడ్డానికి మన కజ్జికాయే, కాకపోతే నీళ్లలో ఉడికిస్తారు. బఠాణీలతో క్యాబేజీ, గసగసాల రోల్, ఎండుపళ్ల పానీయం కొంపోట్. మీరు తినకూడనివి హెరింగ్ చేప, కార్ప్ చేప, ఇంకా జెల్లీలో పెట్టిన చేప. చారులో చేపనీళ్లు పోస్తారేమో ఇప్పుడే అడిగేయండి. బల్ల దగ్గర కూర్చున్నాక అడిగితే వాళ్లు నొచ్చుకుంటారు.

2025 నుంచి 24 కూడా చట్టప్రకారం సెలవు. ఇదివరకు మధ్యాహ్నం రెండింటి దాకా తెరిచే పెద్ద షాపులు ఇప్పుడు అసలు తెరవవు. కొనాల్సినవి 23కే కొనేయండి.

పూలు తీసుకెళ్తే బేసి సంఖ్యలో తీసుకెళ్లండి. చామంతులు మాత్రం వద్దు! మనకి చామంతి లేకపోతే పండగే లేదు గానీ, అక్కడ నవంబర్ 1న సమాధుల మీద పెట్టే పువ్వు అది. ఎర్రాకుల పాయిన్‌సెట్టియా కుండీ అయితే చక్కగా ఉంటుంది.

గుణదల_జ్యోతి | డిసెంబర్ 12

చెల్లీ, అమ్మగారి సందేహానికి నేను చెప్తాను. మాది విజయవాడ, ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) వాళ్లం. ఇప్పుడు ఐర్లాండ్‌లో నర్సుగా చేస్తున్నాను, నాతో పనిచేసేవాళ్లలో పోలిష్ అమ్మాయిలు చాలామంది ఉన్నారు. డిసెంబర్ వస్తే వాళ్ల అమ్మలు ఒప్వాటెక్ కవర్లో పెట్టి పోస్టులో పంపుతారు. డ్యూటీ రూములో నాకూ విరిచి ఇస్తారు.

అది గోధుమపిండి, నీళ్లు, అంతే. మీద పశువుల పాక బొమ్మ అచ్చు ఉంటుంది. పూజలో గురువుగారు ఇచ్చే దివ్యసత్ప్రసాదం పూర్తిగా వేరు. అది మాకు క్రీస్తు శరీరం, జ్ఞానస్నానం పొంది సిద్ధపడినవాళ్లే తీసుకుంటాం. ఒప్వాటెక్‌కి ఆ అభిషేకం లేదు. ఎవరైనా ఎవరితోనైనా పంచుకోవచ్చు. పల్లెల్లో పశువులకి కూడా రంగు ఒప్వాటెక్ పెడతారట, ఆ అర్ధరాత్రి అవి మాట్లాడతాయని వాళ్ల నమ్మకం.

ఎలాగంటే, నీ ముక్క నీ చేతిలో ఉంటుంది. ఎదుటివాళ్లు నీ దాంట్లోంచి చిన్న ముక్క విరుచుకుంటారు, నువ్వు వాళ్ల దాంట్లోంచి. తింటూ ఒకరికొకరు మంచి కోరుకుంటారు. ఇలా ఇంట్లో ప్రతి ఒక్కరితో. మనస్పర్థలుంటే ఆ పూట క్షమాపణ చెప్పుకుంటారు. అందుకే అక్కడ కళ్లు తడవడం మామూలే, కంగారుపడకు.

అర్ధరాత్రి పూజని పస్తెర్కా అంటారు. వెళ్లాలనిపిస్తే వెళ్లు. అందరూ లేచినప్పుడు లేచి నిలబడు. సత్ప్రసాదం కోసం వరసలో వెళ్తుంటే నీ చోట నువ్వు కూర్చో. ఎవరూ ఏమీ అనుకోరు.

శ్రీశైలం_సత్య | డిసెంబర్ 12

నేను వేరే మాట చెప్తున్నాను, ఎవరినీ తక్కువ చెయ్యాలని కాదు. భోజనానికి వెళ్లడం, శుభాకాంక్షలు చెప్పడం మంచిదే. కానీ వాళ్లు భక్తితో చేసే కార్యంలో నమ్మకం లేని మనం పాల్గొంటే అది వాళ్ల భక్తికి కూడా న్యాయం కాదేమో. మన ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి స్నేహితుడొస్తే తీర్థం పుచ్చుకుంటాడు, కానీ పీట మీద కూర్చోడు కదా. ఆ గీత ఎక్కడుందో తెలుసుకుని వెళ్లడం ముఖ్యం అని నా అభిప్రాయం.

గుణదల_జ్యోతి | డిసెంబర్ 12

సత్య గారూ, మీరన్న గీత నిజంగా ఉంది. అది సత్ప్రసాదం దగ్గర ఉంది. ఆ ముందు జరిగేదంతా ఇంటివాళ్లు అతిథికి తలుపు తెరవడమే.

విశ్రాంత_మాస్టారు | డిసెంబర్ 13

అమ్మాయీ, రాజమండ్రి నుంచి రాస్తున్నాను. చుక్క కోసం ఉపవాసం ఉండి కిటికీ దగ్గర నిలబడే పిల్లల సంగతి చదివితే మా ఇంట్లో అట్లతద్ది నాడు చంద్రుడి కోసం మేడెక్కే ఆడపిల్లలు గుర్తొచ్చారు. ఆకలితో ఆకాశంకేసి చూడటంలో ఒక ఆనందం ఉంది, అది పెద్దయ్యాక కూడా మరిచిపోరు.

సత్య గారి మాట ఆలోచించదగ్గదే. నా మటుకు నేను చెప్పేది: పండగలో చేతులు కలపాలంటే ముందు వంటింట్లో చేతులు కలుపు. పిలిచినప్పుడు వెళ్లి తిని వచ్చేవాడు అతిథి. ముందురోజు ఆ ముసలావిడ పక్కన కూర్చుని పిండి ఒత్తితే నువ్వా ఇంటి పిల్లవి. ప్రశ్నలు కూడా ఆవిడనే అడుగు. గడ్డి ఎందుకు, కుర్చీ ఎందుకు అని అడిగే పిల్లలంటే పెద్దవాళ్లకి ఎంత ఇష్టమో నేను పాఠాలు చెప్పిన రోజుల నుంచీ చూస్తున్నాను.

ఓరుగల్లు_తమ్ముడు | డిసెంబర్ 13

అక్కా, నేను వ్రోత్స్‌వావ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా. పోయినసారి మా గైడ్ వాళ్లింట్లో విగీలియాకి పోయిన. మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ముందురోజు నేను బంగాళదుంపలు తొక్కదీసిన, ఇప్పటికీ వాళ్లు అదే చెప్పుకుంటరు.

"వెసోవిఖ్ ష్వ్యొంత్" అంటే పండగ శుభాకాంక్షలు, అది నేర్చుకో. ఒప్వాటెక్ విరిచేటప్పుడు మాత్రం ఒక్కొక్కరికి వేర్వేరుగా చెప్పాలె. ఆరోగ్యం, చదువు, ఉద్యోగం, ఎవరికి ఏది కావాల్నో అది. నేను రెండు వాక్యాలు పోలిష్‌లో చెప్పి మిగతాది తెలుగులనే చెప్పిన. అర్థం కాకపోయినా వాళ్లు చేతులు పట్టుకున్నరు.

ఇంట్లకి పోంగనే బూట్లు విప్పాలె, చెప్పులు వాళ్లే ఇస్తరు. భోజనం అయినంక చెట్టు కింద బహుమతులు ఉంటయి. నీ పేరు మీద కూడా ఒకటి తప్పకుండ ఉంటది, కాబట్టి పిల్లలకి ఏదైనా కొను. తెచ్చేది ఎవరన్నది ప్రాంతాన్ని బట్టి మారుతది: క్రాకోవ్ దిక్కు దేవదూత, సిలేసియాలో బాలయేసు, పొజ్నాన్ దిక్కు గ్వియాజ్దోర్ అని ఒక ముసలాయన. పిల్లల ముందల శాంటా అనకు!

కౌనాస్_మెడికో | డిసెంబర్ 14

నేను లిథువేనియాలో మెడిసిన్ చదువుతున్నాను. ఇక్కడా 24 రాత్రి ఇదే పద్ధతి, కూచ్యోస్ అంటారు. పన్నెండు వంటకాలు, ఒకరితో ఒకరు రొట్టె పంచుకోవడం, గుడ్డ కింద ఎండుగడ్డి అన్నీ ఉన్నాయి. ఇక్కడి ప్రత్యేకత కుచ్యుకాయ్, గోలీకాయంత చిన్న బిస్కెట్లు, గసగసాల పాలలో నానబెట్టి తింటారు. గసగసాల వాసన రాగానే నాకు ఇల్లు గుర్తొచ్చేసింది. పాలు కూడా వాడని ఇళ్లున్నాయి, కాబట్టి నెయ్యి స్వీట్ పట్టుకెళ్లేముందు అడగండి.

కోనసీమ_కిరణ్మయి | డిసెంబర్ 15

అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలీడం లేదు. జ్యోతి అక్క రాసింది అమ్మకి చదివి వినిపించాను. "ఓ, అలాగా, అయితే తీసుకో" అంది. ఆంటీని అడిగాను, వాళ్ల బర్ష్చ్‌లో చేప లేదు, పాలూ నెయ్యీ వాడతారు. అమ్మ పంపిన అరిసెలు, నువ్వుండలు ఉన్నాయి, అవే పెడతాను. 23న బాబ్చాతో ఉష్కా చెయ్యడానికి కూర్చుంటానని అడిగితే ఆవిడ వెంటనే నా కొలతకి ఏప్రాన్ వెతకడం మొదలెట్టింది.

కోనసీమ_కిరణ్మయి | డిసెంబర్ 27

ఎలా జరిగిందో వివరంగా రాస్తాను, వచ్చే ఏడాది ఎవరికైనా పనికొస్తుంది.

23 మధ్యాహ్నం నుంచి వంటింట్లోనే. బర్ష్చ్‌కి పులుపు వారం ముందే మొదలెట్టారు. పెద్ద గాజు సీసాలో బీట్‌రూట్ ముక్కలు, వెల్లుల్లి, బిరియానీ ఆకు, మిరియాలు, ఉప్పునీళ్లు పోసి గుడ్డ కట్టి అలమరలో పెట్టారు. మూత తీస్తే మట్టి వాసనా పులుపూ కలిసి వచ్చింది. ఎండబెట్టిన అడవి పుట్టగొడుగులు రాత్రి నానబెట్టి, ఉల్లిపాయతో వేయించి, సన్నగా తరిగి పెట్టుకున్నాం. పిండిని అప్పడాల కర్రతో పల్చగా ఒత్తి చిన్న చిన్న చదరాలుగా కోస్తారు. మధ్యలో వేలి కొసంత ముద్ద పెట్టి, మూలకి మూల మడిచి త్రికోణం చేసి, ఆ రెండు కొసల్నీ చిటికెన వేలి చుట్టూ తిప్పి అతికించాలి. బాబ్చా వేళ్లు వాటంతటవే తిరుగుతున్నాయి, మాట్లాడుతూనే ఉంది. నేను చేసినవి కాస్త పెద్దగా వస్తే వాటిని విడిగా పెట్టి "ఇవి నీవి, నీ గిన్నెలో వేస్తాను" అంది, అలాగే వేసింది కూడా.

ఆవిడది తూర్పు వైపు పొద్లాసే. అందుకని ఇంట్లో కూత్యా కూడా చేస్తారు. ఉడికించిన గోధుమలు, నూరిన గసగసాలు, తేనె, అక్రూట్లు. క్రాకోవ్ వైపు ఇది అంతగా ఉండదట, పెళ్లయి వచ్చినప్పుడు తనతో తెచ్చుకున్నానని చెప్పింది. అత్తారింట్లో మొదటి ఏడు ఎవరూ ముట్టకపోతే ఒక్కతే తినేసిందట. ఇప్పుడు పిల్లలు దానికోసమే కొట్టుకుంటున్నారు. గసగసాలు నూరేటప్పుడు నేను మా ఇంట్లో కూరల్లో వేస్తామని చెప్తే నమ్మలేదు, పుట్టగొడుగుల కూరలో వేసి చూపించమంది. జనవరిలో చేసిపెట్టాలి.

అంకుల్ వాళ్ల నాన్న ఉప్పు గనిలో పనిచేసేవారట. 24 పొద్దున్నే భూమి అడుగున, ఉప్పుతో చెక్కిన కింగా పునీతురాలి చాపెల్‌లో గని కార్మికుల కోసం పూజ జరుగుతుంది. అంకుల్ ఏటా వెళ్తారు. ఆయన తిరిగొచ్చాకే ఇంట్లో పండగ మొదలైనట్టు లెక్క.

చుక్క విషయానికొస్తే, మబ్బు పట్టింది. పిల్లలిద్దరూ కిటికీకి ముక్కు ఆనించి చాలాసేపు నిలబడ్డారు. చివరికి చిన్నది ఏదో కనిపించిందని గట్టిగా అరిచింది. అది విమానమని అన్నయ్య అంటున్నా వినకుండా ఆంటీ కొవ్వొత్తి వెలిగించేసింది.

అంకుల్ లూకా సువార్త చదివారు. తర్వాత ఒప్వాటెక్. అందరితో అయ్యాక బాబ్చా నా దగ్గరికొచ్చింది. నా దాంట్లోంచి ముక్క విరిచి, చాలా నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా ఒక్కో మాటా విడదీసి చెప్పింది. ఆరోగ్యం, మంచి మార్కులు, మీ అమ్మని త్వరగా చూడాలి అని. నేను వొంగి ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టాను. మన దగ్గర పెద్దవాళ్లు దీవిస్తే చేసేది అదే కదా. ఆవిడ నన్ను లేపి నుదుటి మీద బొటనవేలితో సిలువ గుర్తు వేసింది. తన మనవలకి వేసినట్టే. సత్య గారూ, ఆ క్షణంలో మీరు చెప్పిన గీత గుర్తొచ్చింది. ఆవిడ తనకి తెలిసిన పద్ధతిలో దీవించింది, నేను నాకు తెలిసిన పద్ధతిలో తీసుకున్నాను. ఇద్దరం మా మా నమ్మకాల్లోనే ఉన్నాం అనిపించింది.

భోజనంలో చేప తప్ప అన్నీ తిన్నాను. కార్ప్ జాతోర్ చెరువుల నుంచి తెచ్చారు, ఇక్కడ దానికి చాలా పేరు. తినకపోయినా దాని పొలుసు ఒకటి కడిగి ఆరబెట్టి నాకూ ఇచ్చారు, పర్సులో ఉంటే ఏడాదంతా డబ్బుకి లోటుండదట. కొంపోట్ మాత్రం మొదటి గుక్కకి వింతగా ఉంది, పొగబెట్టిన ఆల్‌బుకరా పళ్ల వాసన. రెండో గ్లాసు నేనే అడిగాను. బల్లగుడ్డ కింద నుంచి గడ్డిపరక లాగే ఆట కూడా ఆడించారు. పచ్చ పరక వస్తే త్వరలో పెళ్లి అని. నాకు పసుపుది వచ్చింది, అమ్మకి చెప్పలేదు.

అరిసెల సంగతి. పన్నెండు వంటకాల పక్కన వేరే పళ్లెంలో పెడతానంటే ఆంటీ ఒప్పుకోలేదు. లెక్కలో ఒకటి తీసేసి అరిసెల్ని పన్నెండోది చేసింది. కాబట్టి అందరూ తప్పనిసరిగా తలో ముక్క తిన్నారు.

తర్వాత పాటలు. పెద్దబాబు గిటార్ పట్టాడు. పోలిష్ క్రిస్మస్ పాటల్లో ముఖ్యమైనది "బూగ్ షియె రోజి" అట, పద్దెనిమిదో శతాబ్దపు కవి ఫ్రాంచిషెక్ కార్పిన్‌స్కీ రాసింది. పొలోనేజ్ నాట్యం నడకలో సాగుతుంది, అందరూ లేచి నిలబడి పాడారు. పస్తెర్కాకి కూడా వెళ్లాను. సత్ప్రసాదం అప్పుడు నా చోట కూర్చున్నాను. నా పక్కన బాబ్చా హ్యాండ్‌బ్యాగ్ నాకిచ్చి వెళ్లింది.

శ్రీశైలం_సత్య | డిసెంబర్ 27

చదివాను. మీరు నడుచుకున్న తీరు చాలా నచ్చింది. గీత సంగతి మీరు నాకంటే బాగా చెప్పారు.

విశ్రాంత_మాస్టారు | డిసెంబర్ 28

మీ ఆంటీ అరిసెల్ని లెక్కలోకి తీసుకోవడం ఉంది చూడు, అది నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించింది. మన ఆడవాళ్లు కూడా అంతే, ఇంటికొచ్చిన పిల్ల తెచ్చింది పక్కన పెట్టరు. జనవరిలో భోగికి ఆ పిల్లలిద్దరికీ భోగిపళ్లు పొయ్యి. రేగుపళ్లు దొరక్కపోతే పూల రేకలు, చిల్లర డబ్బులు చాలు.

గుణదల_జ్యోతి | డిసెంబర్ 28

చెల్లీ, క్రాకోవ్‌లో ఉన్నావు కాబట్టి షోప్కాలు తప్పకుండా చూడు. పశువుల పాకని అక్కడి చర్చిల గోపురాల ఆకారంలో రంగు రేకు కాగితాలతో కడతారు. 1937లో మొదలైంది, ఏటా డిసెంబర్ మొదటి గురువారం నాడు పెద్ద కూడలిలో పోటీ. 2018లో యునెస్కో జాబితాలో చేరింది. పోటీకొచ్చినవి తర్వాత మ్యూజియంలో పెడతారు. మా ఇంట్లో నాన్న ఏటా గడ్డి, వెదురుతో పశువుల పాక కట్టేవారు, ఆ షోప్కాల ఫొటోలు చూపిస్తే అరగంట వదల్లేదు.

లుబ్లిన్_రాబోతున్నా | డిసెంబర్ 29

ఈ థ్రెడ్ మొత్తం చదివాను. ఫిబ్రవరిలో లుబ్లిన్ వస్తున్నాను, నాకూ ఒక కుటుంబంతోనే వసతి. విగీలియా దాకా ఉండను. ఈస్టర్‌కి ఉంటాను. అదీ ఇలాగే ఉంటుందా? బర్ష్చ్ ఎర్రగా రావాలంటే కిటుకేంటి? ఇక్కడ హైదరాబాద్‌లో చేస్తే గోధుమరంగు వచ్చింది.

కోనసీమ_కిరణ్మయి | డిసెంబర్ 29

పులిసిన బీట్‌రూట్ నీళ్లు ఆఖర్న పోసి, ఆ తర్వాత మరగనివ్వకూడదు. వేడి చేసి దించెయ్యాలి. మరిగితే రంగు పోతుందని బాబ్చా పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు.

వార్సా_వాసు | డిసెంబర్ 29

ఈస్టర్ 2026లో ఏప్రిల్ 5న. ముందురోజు శనివారం ఇంటింటి నుంచీ చిన్న బుట్ట చర్చికి తీసుకెళ్లి దీవెన పట్టిస్తారు. రంగులేసిన గుడ్లు, రొట్టె, ఉప్పు, సాసేజ్, ముల్లంగి లాంటి ఘాటైన హార్స్‌ర్యాడిష్, వెన్నతో చేసిన గొర్రెపిల్ల బొమ్మ అందులో ఉంటాయి. ఆదివారం పొద్దున ఆ గుడ్డునే ముక్కలు చేసి, ఒప్వాటెక్ లాగే ఒకరికొకరు మంచి కోరుకుంటూ పంచుకుంటారు. గుడ్డు తినకపోతే ఇప్పుడే చెప్పి ఉంచండి. సోమవారం నాడు ఒకరి మీద ఒకరు నీళ్లు పోసుకుంటారు, ఆ రోజు ఫోన్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని బయటికెళ్లండి.